గడువు దాటిన మేనమామ చీర

పెళ్లిలో కట్నాలు రాసే మనిషికి నిజాంసాగర్ చుట్టుపక్కల ఊళ్లలో ఇప్పటికీ ఓ మర్యాద ఉంది. దస్తూరి గుండ్రంగా ఉండాలి. లెక్క తప్పకూడదు. ఒకే ఇంటిపేరున్న ఇద్దరిని కలగలపకూడదు. ఎవరు ఎంత చదివించారో, ఏ వస్తువు తెచ్చారో ఆ పుస్తకంలో పడాల్సిందే. ఎందుకంటే అది జ్ఞాపకం కోసం దాచుకునే పుస్తకం మాత్రమే కాదు, తీర్చాల్సిన బాకీల చిట్టా కూడా. రేపు వాళ్లింట్లో పెళ్లయితే ఈ పుస్తకం తిరగేసి, వాళ్లు పెట్టినదానికి నాలుగు రూపాయలు కలిపి పెట్టాలి. ముప్పై ఏళ్ల కిందటి పుస్తకాలు తీస్తే నూట పదహార్లు, స్టీలు బిందెలు, టిఫిన్ డబ్బాలు, గోడ గడియారాలు కనిపిస్తాయి. తర్వాత రూపాయి బిళ్ల అతికించిన కవర్లు వచ్చాయి. ఇప్పుడు వాటి మధ్యలోకి ఇంకో సరుకు చేరింది. చూడ్డానికి ఏటీఎం కార్డులా ఉంటుంది. లేదంటే బంగారు రంగు అంచున్న దళసరి కాగితం. గిఫ్ట్ కార్డు, గిఫ్ట్ వోచర్, గిఫ్ట్ సర్టిఫికెట్... ఏ పేరుతో పిలిచినా సంగతి ఒకటే.

కట్నాలు రాసేవాళ్లకి ఇదో తంటా. దాన్ని డబ్బు కింద రాయాలా, వస్తువు కింద రాయాలా? వినడానికి నవ్వులాటగా ఉంటుంది కానీ, రిజర్వు బ్యాంకు మొదలుకొని అమెరికా చట్టసభల దాకా తల పట్టుకున్నది ఈ ప్రశ్న దగ్గరే. డబ్బయితే బీరువాలో పదేళ్లున్నా డబ్బే. వస్తువైతే కొన్నప్పుడే మన చేతికి వస్తుంది. ఇది రెండూ కాదు. పైసలు ముందే కట్టేసి, సరుకు తర్వాత ఇస్తామని దుకాణంవాళ్ల దగ్గర రాయించుకున్న మాట. ఆ మాటకి గడువు ఎంత, ఆ గడువు ఎవరు పెట్టాలి అన్నదే అసలు తగాదా.

బాన్సువాడ డిపోలో కండక్టరుగా చేసి రిటైరైన ఓ పెద్దాయనకి ఆ తగాదా సొంతింట్లోనే ఎదురైంది. ఊరు నిజాంసాగర్ దగ్గరే. 2020 మాఘమాసంలో కూతురి పెళ్లి చేశారు. పెళ్లి బాగానే జరిగింది. భోజనాలు బాగున్నాయన్నారు, వియ్యాలవారు సంతోషపడ్డారు. ఒక్క చోటే చిన్న ముల్లు గుచ్చుకుంది. మేనమామ చీర.

మేనమామ పెట్టే బట్టలంటే ఏమిటో తెలుగిళ్లలో చెప్పక్కర్లేదు. పెళ్లికూతురికి తల్లిగారి వైపు నుంచి వచ్చే మొదటి గౌరవం అది. ఎంత ఖరీదన్నది కాదు, మేనమామ తెచ్చాడా లేదా అన్నదే చూస్తారు. ఈ మేనమామ గల్ఫులో కూలి. నిజామాబాద్, కామారెడ్డి జిల్లాల్లో గల్ఫుకి వెళ్లిన మనిషి లేని ఊరు వెతికినా దొరకదు. ఆయనా పదేళ్లుగా వెళ్తూ వస్తూ ఉన్నాడు. సెలవు మీద వచ్చి, ముహూర్తం దాకా ఆగలేక జనవరిలోనే తిరుగు ప్రయాణం కట్టాడు. శంషాబాద్ వెళ్లే దారిలో హైదరాబాద్‌లోని ఓ పెద్ద బట్టల షోరూములో దిగాడు. పిల్లకి ఏ రంగు నచ్చుతుందో తెలియదు. సేల్స్‌మన్ సలహా ఇచ్చాడు. ఎనిమిది వేలు కట్టి వోచరు తీసుకొని, ఊరివాడి చేతికిచ్చి పంపాడు. అమ్మాయి తనకు నచ్చింది తీసుకుంటుంది కదా అనుకున్నాడు. ఆలోచన మంచిదే.

కానీ పందిట్లో పళ్లెంలో చీర ఉండాల్సిన చోట కవరు ఉంది. 'మేనమామ కాగితం పెట్టిండు' అని ఎవరో పెద్దావిడ అంది. పిల్ల తల్లికి ఆ మాట చాలా రోజులు మనసులో మిగిలిపోయింది. తమ్ముడు ఎండలో నిలబడి సంపాదించిన ఎనిమిది వేలు అవి.

తర్వాత నెలకే లాక్‌డౌన్. బస్సులు ఆగిపోయాయి, దుకాణాలు మూతబడ్డాయి. గల్ఫులో మేనమామ చేసే కంపెనీ పని ఆపేసింది. ఆ ఏడాది మే నుంచి నడిచిన వందే భారత్ విమానాల్లో ఒకదాంట్లో ఆయన చేతి సంచితో ఇల్లు చేరాడు. వోచరు సంగతి ఎవరికీ గుర్తు లేదు. గుర్తున్నా నిజాంసాగర్ నుంచి హైదరాబాద్ దాదాపు నూట నలభై అయిదు కిలోమీటర్లు. చీర కోసం ఆ రోజుల్లో ఎవరు వెళ్తారు? 2021 సంక్రాంతి దాటాక, కంటి పరీక్షకని పట్నం వెళ్లినప్పుడు తల్లీకూతుళ్లు ఆ షోరూముకి వెళ్లారు. చీర ఎంచుకున్నారు. కౌంటర్లో అబ్బాయి వోచరు అటూ ఇటూ తిప్పి వెనక చిన్న ఇంగ్లిషు అక్షరాలు చూపించాడు. కొన్న తేదీ నుంచి ఆరు నెలలు. అంటే 2020 జూలైలోనే అయిపోయింది. 'సిస్టమ్ తీసుకోదమ్మా' అన్నాడు.

ఇంటికొచ్చి చెప్పగానే మేనమామ అన్న మాట ఈ వ్యవహారం మొత్తానికి సరిపోతుంది. 'పైసలు వాళ్లకాడనే ఉన్నయి గద బావా. సరుకు మనకియ్యలే. మరి గడువు ఎవరికి అయిపోయినట్టు?'

ఆ ప్రశ్న కండక్టరుగారికి కొత్తది కాదు. ఆయన ఉద్యోగమంతా దాంతోనే గడిచింది. టికెట్ మిషన్లు రాకముందు, వచ్చిన తర్వాత కూడా, బస్సులో చిల్లర గొడవ చిల్లర గొడవే. పిట్లంలో ఎక్కినాయన వంద కాగితం ఇస్తాడు. సంచిలో చిల్లర ఉండదు. కండక్టరు టికెట్ వెనక రావాల్సిన మొత్తం రాసి, కింద గీత గీసి ఇస్తాడు. దిగేటప్పుడు అడిగి తీసుకోవాలి. సగం మంది అడుగుతారు. కొందరు కునుకులో స్టాపు దాటబోయి గబగబా దిగిపోతారు. మర్నాడో మూడో నాడో అదే టికెట్ పట్టుకొని బాన్సువాడ బస్టాండులో ఎదురవుతారు. అలాంటప్పుడు ఈయన టికెట్ చూసి, తన రాత గుర్తుపట్టి ఇచ్చేసేవారు. బస్సు డిపోకి వెళ్లిపోయిందని బాకీ తీరిపోతుందా అనేవారు. అందరు కండక్టర్లూ అలా ఇచ్చేవారని ఆయన కూడా అనరు.

ఆ దిగిపోయినవాళ్ల చిల్లర లాంటిదే గిఫ్ట్ కార్డుల వ్యాపారంలోనూ ఉంది. దానికి లెక్కలు రాసేవాళ్లు పెట్టుకున్న పేరు 'బ్రేకేజ్'. కొన్నవాళ్లలో కొందరు ఎలాగూ వాడరు, వాడినా మొత్తం వాడరు అన్నది ముందే వేసుకునే అంచనా. వాడకుండా మిగిలే సొమ్మును ఎప్పుడు, ఎంత మేరకు ఆదాయంగా చూపించుకోవాలో మన దేశంలోనూ 2018 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఇండ్ ఏఎస్ 115 అనే లెక్కల ప్రమాణం చెబుతుంది. తప్పుపట్టాల్సింది లెక్క రాయడాన్ని కాదు. గడువు ఎంత దగ్గరగా ఉంటే ఆ ఆదాయం అంత పెరుగుతుందన్న సంగతి దుకాణాలకి బాగా తెలుసు. అక్కడుంది చిక్కు.

ఇంతకీ ఆ పెళ్లిలో వచ్చిన గిఫ్ట్ కార్డు ఒకటి కాదు, రెండు. రెండోది కొడుకు ఆఫీసువాళ్లు తలా కొంత వేసుకొని ఇచ్చిన బ్యాంకు గిఫ్ట్ కార్డు, 5,000 రూపాయలది. మొదటిది పోయిందన్న కంగారులో బీరువా వెతికితే ఇది బయటపడింది. దీనికీ ఏడాది గడువు, అది అప్పటికే ముగిసింది. రెండూ ఒకే కవర్ల కట్టలో ఉన్నాయి, రెండింటికీ గడువు దాటింది. కానీ చట్టం దృష్టిలో ఈ రెండింటికీ చుట్టరికమే లేదు. ఈ తేడా తెలియక చాలా ఇళ్లలో రావాల్సిన డబ్బును వదిలేసుకుంటున్నారు కాబట్టి కాస్త వివరంగా చెప్పుకోవాలి.

బ్యాంకులు, రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న సంస్థలు ఇచ్చే కార్డులు 'ప్రీపెయిడ్ పేమెంట్ ఇన్‌స్ట్రుమెంట్స్' కిందికి వస్తాయి. వీటికి ఆధారం 2007 నాటి చెల్లింపుల వ్యవస్థల చట్టం. ఆ చట్టం కింద రిజర్వు బ్యాంకు 2009 ఏప్రిల్లో తొలి మార్గదర్శకాలిచ్చింది. 2017 అక్టోబరులో వాటిని తిరగరాసి సమగ్ర ఆదేశాలుగా తెచ్చింది, 2021 ఆగస్టులో మళ్లీ సవరించింది. గిఫ్ట్ కార్డుల గురించి వాటిలో ఉన్న మాటలు సూటిగానే ఉంటాయి. ఒక్కో కార్డు విలువ పది వేలు దాటకూడదు. దాంట్లో మళ్లీ డబ్బు నింపడానికి లేదు, నగదుగా తీసుకోవడానికీ లేదు. కొన్నవారి గుర్తింపు వివరాలు ఇచ్చిన సంస్థ దగ్గర ఉండాలి. గడువు కనీసం ఏడాది. ఆ గడువు ముగియడానికి ముందు 45 రోజుల్లో కార్డుదారుణ్ని మెసేజి ద్వారానో మరోలాగో హెచ్చరిస్తూ ఉండాలి.

అసలు విషయం దీని తర్వాతే ఉంది. గడువు ముగిసినా మిగిలిన సొమ్మును బ్యాంకు కాని సంస్థ కనీసం మూడేళ్లపాటు తన లాభాల ఖాతాలో కలుపుకోకూడదు. గడువు దాటిన తర్వాత ఎప్పుడైనా సరే, కార్డుదారుడు వచ్చి అడిగితే ఆ మొత్తాన్ని బ్యాంకు ఖాతాలో వేయాలి. ఎప్పుడైనా సరే! కార్డు మీద 'వ్యాలిడ్ త్రూ' అని అచ్చేసిన నెల, ఏడాది ఆ కార్డును గీకడానికి గడువు తప్ప, డబ్బు మీద హక్కుకి గడువు కాదు. కండక్టరుగారి భాషలో చెప్పాలంటే బస్సు దిగిపోయినా టికెట్ వెనక రాసిన చిల్లర బాకీ బాకీనే.

కొడుకు బ్యాంకుకి మెయిల్ రాశాడు. మొదటి జవాబు 'కార్డు గడువు ముగిసింది, క్షమించగలరు' అనే. రెండోసారి రిజర్వు బ్యాంకు ఆదేశాల సంగతి ప్రస్తావించి, కార్డు నంబరు, కొన్నప్పటి రసీదు, చెల్లెలి పాస్‌బుక్ మొదటి పేజీ జత చేశాడు. కొన్ని వారాలు పట్టినా అయిదు వేలూ అమ్మాయి ఖాతాలో పడ్డాయి. బ్యాంకు నెల రోజుల్లో తేల్చకపోతే, లేదా కాదు పొమ్మంటే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఉచితంగా ఫిర్యాదు చేసుకునే దారి కూడా ఉంది. వీళ్లకి అంతదాకా వెళ్లే పని పడలేదు.

అయిదు వేలు తిరిగొచ్చాయి కానీ, ఆ ఇంట్లో బాధ అయిదు వేల గురించి కాదు. మేనమామ ముఖం చిన్నబోయింది ఎనిమిది వేల దగ్గర. పని పోయి ఇంట్లో కూర్చున్న మనిషి. 'ఇంకో చీర కొని పెడత తియ్ అక్కా' అని అప్పు కోసం తిరగడం మొదలుపెట్టాడు. కండక్టరుగారు అడ్డం పడ్డారు. 'నువ్వు ఒకసారి పెట్టినవ్. రెండోసారి పెట్టుడేంది? పెట్టాల్సింది వాళ్లు.'

దుకాణం తన సరుకు కోసమే ఇచ్చే వోచరు పద్ధతి వేరు. దీన్ని రిజర్వు బ్యాంకు 'క్లోజ్డ్ సిస్టమ్' అంటుంది. ఇచ్చినవాళ్ల దగ్గర తప్ప ఇంకెక్కడా చెల్లదు కాబట్టి ఇది చెల్లింపుల వ్యవస్థ కిందికి రాదని, దీనికి తమ అనుమతి అక్కర్లేదని వదిలేసింది. కాబట్టి ఏడాది కనీస గడువు, మూడేళ్ల నిబంధన ఇక్కడ పనిచేయవు. పెద్ద షోరూము నుంచి బస్టాండు పక్కన బట్టల దుకాణం దాకా ఎవరైనా మూడు నెలలనో ఆరు నెలలనో రాసుకోవచ్చు. వోచరుకి ఇంతకాలం గడువు ఉండి తీరాలని చెప్పే ప్రత్యేక చట్టం మన దగ్గర లేదు.

బయటి దేశాలు ఈ ఖాళీని ఎప్పుడో పూడ్చుకున్నాయి. అమెరికాలో 2009లో వచ్చిన క్రెడిట్ కార్డుల చట్టం గిఫ్ట్ కార్డులనీ పట్టుకుంది. 2010 ఆగస్టు నుంచి అక్కడ కార్డులో వేసిన సొమ్ము అయిదేళ్లలోపు చెల్లకుండా పోకూడదు. కాలిఫోర్నియా అంతకంటే ముందే దుకాణాల కార్డులకి గడువే ఉండకూడదంది. 2008 నుంచి కార్డులో పది డాలర్లకంటే తక్కువ మిగిలితే నగదుగా తిరిగివ్వమంది. కెనడాలోని ఆంటారియో 2007 అక్టోబరులో గడువులని తీసేసింది. ఆస్ట్రేలియాలో 2019 నవంబరు నుంచి కనీసం మూడేళ్లు, ఐర్లండులో అదే ఏడాది డిసెంబరు నుంచి అయిదేళ్లు. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లు ఏడాది పాత కార్డు తీసి నిశ్చింతగా గీకడం, ఇక్కడ మనం పాత వోచరు చూసి ఉలిక్కిపడటం అందుకే.

అలాగని అక్కడి చట్టం అన్నింటికీ మందు కాదు. 2008 ఫిబ్రవరిలో షార్పర్ ఇమేజ్ అనే దుకాణాల సంస్థ దివాలా పిటిషన్ వేసి, తన గిఫ్ట్ కార్డులు తీసుకోవడం ఆపేసింది. కార్డులున్నవాళ్లంతా ఒక్కసారిగా అప్పులవాళ్ల వరసలో చివర నిలబడ్డారు. దుకాణమే మునిగితే గడువు అయిదేళ్లున్నా పదేళ్లున్నా ఒకటే. పండగకి వోచరు కొనేటప్పుడు ఆ దుకాణం పరపతి మీద మనం అప్పు ఇస్తున్నామన్న సంగతి గుర్తుంచుకోవాలి, వడ్డీ లేని అప్పు.

మన దగ్గర ప్రత్యేక చట్టం లేదన్నంత మాత్రాన చేతులు కట్టుకొని కూర్చోవాల్సిన పని లేదు. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో 2019లో కొత్త చట్టం వచ్చింది. 2020 జూలై 20 నుంచి అమలవుతోంది. నిజాంసాగర్ లాంటి ఊరికి దాంట్లో అన్నిటికన్నా పనికొచ్చే మార్పు చూడ్డానికి చాలా చిన్నది. పాత చట్టంలో కేసు వేయాలంటే అవతలి పార్టీ ఎక్కడ వ్యాపారం చేస్తుందో, లేదా వివాదం ఎక్కడ పుట్టిందో అక్కడికి వెళ్లాలి. ఎనిమిది వేల వోచరు కోసం వాయిదాకోసారి హైదరాబాద్ తిరిగితే బస్సు చార్జీలకే వోచరు అయిపోతుంది. కొత్త చట్టంలో ఫిర్యాదుదారు నివసించే చోట, లేదా పనిచేసే చోట కేసు వేయొచ్చు. షోరూమువాళ్లే రావాలి. అయిదు లక్షల లోపు వ్యవహారాలకి ఫీజు లేదు. లాయరు ఉండి తీరాలన్న నియమమూ లేదు. కారణం పుట్టిన రెండేళ్లలోగా వేయాలి. జిల్లా ఫోరాలు జిల్లా కమిషన్లయ్యాయి. ఆన్‌లైన్లోనూ ఫిర్యాదు చేయొచ్చు.

ఇక్కడ ఇంకో సందేహం వస్తుంది. డబ్బు కట్టింది మేనమామ. వోచరు పట్టుకొని నిలబడింది మేనకోడలు. పైసా కట్టని మనిషి వినియోగదారు ఎలా అవుతుంది? అవుతుంది. కొన్నవారి సమ్మతితో వాడుకునేవారు, సేవ పొందేవారు కూడా వినియోగదారులేనని చట్టంలో రాసి ఉంది. కానుకగా తీసుకున్నవాళ్లని తోసిపుచ్చడానికి లేదు.

మరి వెనకవైపు చిన్న అక్షరాల సంగతి? కొత్త చట్టం 'అన్యాయమైన ఒప్పందం' అనే మాటని కొత్తగా తెచ్చింది. వినియోగదారు హక్కుల్ని బాగా దెబ్బతీసే, ఒక పక్షానికే లాభించే షరతుల్ని ప్రశ్నించొచ్చు. కాకపోతే ఆ పేరుతో వేసే కేసు జిల్లాలో కాదు, రాష్ట్ర కమిషన్‌లో వేయాలి. ఎనిమిది వేల వోచరు ఉన్నవాణ్ని రాష్ట్ర రాజధానికి పొమ్మనడం ఏం ధర్మమో చట్టం రాసినవాళ్లకే తెలియాలి. అయినా సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి అన్న మాటలతో జిల్లా కమిషన్‌కే వెళ్లొచ్చు. పైగా ఈ కేసులో లాక్‌డౌన్ ఉంది. దుకాణం తలుపులే మూసి ఉన్న రోజుల్ని కూడా కొన్నవాళ్ల గడువులోంచి కోసేయడం ఏ రకంగా న్యాయం? కోర్టుల్లో కేసులు వేయడానికి ఉన్న గడువుల్నే సుప్రీంకోర్టు 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా లెక్కలోకి తీసుకోవద్దంది. అది వోచర్లకి నేరుగా వర్తించే తీర్పు కాదు, నిజమే. కానీ వాదించుకోవడానికి మంచి మాట.

కండక్టరుగారు కమిషన్ దాకా వెళ్లలేదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయించారు. ఇప్పుడు ఆ నంబరు 1915, తెలుగులోనూ మాట్లాడొచ్చు. హెల్ప్‌లైన్ తీర్పు చెప్పదు, ఫిర్యాదుని కంపెనీకి పంపి జవాబు అడుగుతుంది, అంతే. దాంతోపాటు షోరూము హెడ్డాఫీసుకి తెలుగులో ఓ ఉత్తరం రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపారు. ఆ ఉత్తరం ఒక పేజీ దాటలేదు. వోచరు నంబరు, కొన్న తేదీ, కట్టిన మొత్తం, లాక్‌డౌన్ తేదీలు, షోరూముకి వెళ్లిన తేదీ, కౌంటర్లో ఏమన్నారు... ముప్పై ఏళ్లు వే బిల్లులు రాసిన చెయ్యి కదా, అనవసరమైన మాట ఒక్కటి లేదు. చివర్లో మాత్రం, పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే జిల్లా కమిషన్‌కి వెళ్తామని రాశారు.

పన్నెండో రోజున షోరూము నుంచి ఫోనొచ్చింది. 'మా పాలసీలో లేదు సార్, అయినా కస్టమర్ల మీద గౌరవంతో మూడు నెలలు పొడిగిస్తున్నాం' అన్నారు. ఆ గౌరవం కౌంటర్ దగ్గరే ఎందుకు దొరకలేదని ఎవరూ అడగలేదు. ఇది చట్టం గెలిచిన కేసు అని చెప్పుకోవడానికీ లేదు. చట్టం ఉందని అవతలివాళ్లకి గుర్తు చేస్తే కదిలిన కేసు. మనవాళ్ల వోచరు తగాదాల్లో ఎక్కువభాగం ఇలాగే తీరతాయి, లేదంటే అసలు మొదలే కావు.

ఈసారి మేనమామే వెంట వెళ్లాడు. వంగపండు రంగు పట్టుచీర, 7,450 రూపాయలు. మిగిలిన 550 నగదుగా ఇవ్వరు, కొత్త వోచరుగానూ ఇవ్వరు, వదులుకోవాలి లేదా ఇంకేదైనా కొనాలి. ఈ మిగులు దగ్గర ప్రతి ఇంటికీ అనుభవమే. మిగిలిన అయిదు వందల కోసం ఇంకో ఎనిమిది వందలు జేబులోంచి తీసి అక్కర్లేనిది కొంటాం. కాలిఫోర్నియావాళ్లు నగదు నియమం పెట్టింది ఊరికే కాదు. మేనమామ లెక్క చూసుకొని సరిగ్గా 550కి దగ్గరగా బావకి ఓ పంచె, అక్కకి రెండు జాకెట్టు ముక్కలు తీసుకున్నాడు. చేతినుంచి ఇరవై రూపాయలు పడ్డాయి.

ఈ ముందస్తు డబ్బు వ్యవహారం వోచర్లతో ఆగదు. బంగారం దుకాణాల్లో నెలనెలా కట్టే స్కీములున్నాయి కదా, అవీ ఈ కుటుంబంలోవే. ఒకప్పుడు రెండు మూడేళ్లు కూడా నడిచేవి. 2014లో కంపెనీల డిపాజిట్ల నిబంధనలు వచ్చాక, సరుకు కోసం తీసుకున్న అడ్వాన్సుని 365 రోజుల్లోగా సరుకుతో సర్దకపోతే అది డిపాజిట్ అవుతుందన్నారు. అప్పటి నుంచే పెద్ద కంపెనీల స్కీములు పదకొండు నెలలకి కుదించుకున్నాయి. చేతిలో పుస్తకం, ప్రతి నెలా ముద్ర, దుకాణం కంపెనీయా సొంత వ్యాపారమా అన్న వివరం... ఇవి చూసుకోకుండా పక్కింటావిడ కడుతోందని కట్టడం మన ఆడవాళ్లకి అలవాటు. మగవాళ్లూ తక్కువ తినలేదు, లక్కీ డ్రా స్కీముల్లో బైకు కోసం కట్టేది వాళ్లే. ఆ ప్రైజు చిట్ల మీద 1978 నుంచే నిషేధ చట్టం ఉంది.

మోసాల మాట ఒకటి చెప్పుకోవాలి. గిఫ్ట్ కార్డు నంబరు గీకి ఫోన్లో చెప్పమని అడిగేవాడు ఎవడైనా దొంగే. 2016 అక్టోబరులో మహారాష్ట్రలో థానే పోలీసులు మీరా రోడ్డులోని కాల్ సెంటర్ల మీద దాడి చేస్తే బయటపడిన కథ ఇదే. పన్ను అధికారులమని అమెరికావాళ్లని బెదిరించి, గిఫ్ట్ కార్డులు కొనిపించి, నంబర్లు చెప్పించుకునేవాళ్లు. ఇప్పుడు అదే ఎత్తు ఆఫీసు బాస్ పేరుతో వాట్సాప్ మెసేజిగా మన పిల్లల ఫోన్లకీ వస్తోంది. ఏ ప్రభుత్వమూ పన్ను, జరిమానా గిఫ్ట్ కార్డుల్లో తీసుకోదు. నంబరు చెప్పేసి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయడమే.

నిజాంసాగర్ వైపు పెళ్లిళ్లలో కట్నాల బల్ల మీద ఇప్పుడు క్యూఆర్ కోడ్ అట్ట కూడా నిలబెడుతున్నారు. అయినా పుస్తకం పోలేదు. ఫోన్లో వేసినవాళ్ల పేరు కూడా పుస్తకంలోకి ఎక్కాల్సిందే. చుట్టాల పెళ్లిళ్లలో ఆ బల్ల దగ్గర కూర్చునేది ఎక్కువగా మన కండక్టరుగారే. పేరు, ఊరు, మొత్తం అని ఉండే గీతల పక్కన ఆయన ఇంకో గడి గీస్తున్నారు. కార్డు గానీ వోచరు గానీ వస్తే కళ్లజోడు పైకి నెట్టి, వెనక చిన్న అక్షరాలు చదివి, తేదీ ఆ గడిలో వేస్తారు. కొన్న రసీదు ఉందా అని ఇచ్చినవాళ్లనే మొహమాటం లేకుండా అడిగి, ఉంటే ఫోన్లో ఫొటో తీయిస్తారు. గొంతెత్తి చదివేటప్పుడు దాన్నీ వదలరు. 'రెండు వేల గిఫ్ట్ కార్డు, వచ్చే మాఘం దాకా చెల్లుతది' అని వినిపించగానే పందిట్లో నవ్వులు. ఆయన నవ్వరు. తర్వాతి కవరు అందుకుంటారు.